నేనొచ్చేదాక ఆగు

మా నాయినమ్మ పాకాలను ఎన్నడూ చెరువు అనలేదు. "సముద్రం కాడికి పోయిన" అనేది. "సముద్రం నిండింది, ఈయేడు తిండికి రంది లేదు" అనేది. మూడో తరగతిలో మా సారు మన దేశానికి మూడు దిక్కులా సముద్రం ఉందని చెప్తే, నేను లేచి నాలుగోది మా ఊరి దగ్గర ఉందన్నాను. క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "మన దిక్కు సముద్రాలకు కొదవా రా, ఊరికొకటి" అన్నాడు. వెక్కిరించాడనుకుని ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను. అది వెక్కిరింపు కాదని తెలిసేసరికి పదేళ్ళు పట్టింది.

మా ఊరు ఖానాపురం దగ్గర, పాకాల ఆయకట్టు కింద. నర్సంపేట దాటి కొంత దూరం పోతే పొలాలు అయిపోయి అడవి మొదలవుతుంది. అడవి అయిపోయిన చోట నీళ్ళు. రెండు గుట్టల నడుమ సందు మూస్తూ కట్ట పోశారు, అంతే. మిగతా ఒడ్డంతా గుట్టలు, బండలు, నీళ్ళ మీదికి వంగిన చెట్లు. చలికాలం పొద్దున కట్టెక్కితే అవతలి ఒడ్డు కనిపించేది కాదు. తెల్లగా మొదలై తెల్లగానే అయిపోయేది. దాన్ని సముద్రం అనుకోవడానికి పిల్లవాడికి ఇంకేం కావాలి?

నిండితే 30 అడుగులు. వానాకాలమంతా ఊళ్ళో ఆ అంకె ముచ్చటే. హోటల్ దగ్గర, మంగలి దుకాణం దగ్గర, కల్లు మండువలో "ఇరవై రెండయింది", "రాత్రి వానకు ఇరవై ఆరట" అని క్రికెట్ స్కోరు లెక్క చెప్పుకునేవాళ్ళు. చెరువు నిండి మత్తడి, అంటే అలుగు, దుంకిన రోజు బడికి సెలవిచ్చినా ఇవ్వకున్నా బడిలో ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోయి, శిఖం భూమి పర్రెలు వాసి, బండల మీద పాత నీళ్ళ గీతలు బయటపడేవి. తాత చేతికర్రతో ఒక్కో గీతను తట్టి అది ఏ యేటిదో చెప్పేవాడు. నిజంగా తెలిసి చెప్పేవాడో, నన్ను చూసి కల్పించేవాడో ఇప్పుడు చెప్పలేను.

కట్ట మీద మైసమ్మ ఉంది. చెరువున్న చోట కట్టమైసమ్మ లేకుండా ఉండదు కదా. పసుపు పూసిన రాయి, పైన వేపచెట్టు. నాయినమ్మ నన్ను ఆ చెట్టు కింద కూర్చోబెట్టుకుని చెప్పిన కథ ఒకటుంది. తరవాత ఇదే కథ వేరే ఊళ్ళల్లో, వేరే చెరువుల పేరు మీద కూడా విన్నాను. అయినా నాకు అది పాకాల కథే.

ఏడు రాత్రులు, ఏడు పగళ్ళు వాన. నడిజామున నీరటి, అంటే చెరువు నీళ్ళు చూసుకునే మనిషి, గొంగడి కప్పుకుని, కందిలి పట్టుకుని కట్ట చూడటానికి పోయాడు. కట్ట మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుంది. చీర కుచ్చిళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎవలు తల్లీ నువ్వు?"

"గంగను. తెల్లారేలోపల కట్ట తెంపుకొని పోత."

నీరటి కాళ్ళ మీద పడ్డాడు. కింద ఊళ్ళున్నాయి, పసిపిల్లలున్నారు, పొట్టకొచ్చిన వరి ఉంది అని బతిమాలాడు. ఆమె వినలేదు. నిండిన కడుపు ఆగుతుందా అంది. ఆఖరికి అతను, "పో తల్లీ, ఆపెటోన్ని నేనెవన్ని? కని ఊరోళ్ళకు ఒక్క మాట చెప్పొస్త. నేనొచ్చేదాక ఆగుతవా?" అని అడిగాడు. ఆగుతానని ఆమె మాటిచ్చింది.

నీరటి ఊళ్ళోకి ఉరికాడు. రాజును లేపి సంగతంతా చెప్పి, "నేను మళ్ళ కట్ట మీదికి పోవద్దు. నా తల తీసేయుండ్రి" అన్నాడు.

కొన్ని ఊళ్ళల్లో ఈ కథను ఇంకో తీరుగా చెప్తారు. రాజే ఉపాయం పన్ని నీరటిని చంపిస్తాడు. మా నాయినమ్మ కథలో మాత్రం నీరటే అడుగుతాడు. నాకు ఇదే ఇష్టం. రాజు తెలివి గురించిన కథలు మనకు ఎన్నో ఉన్నాయి.

ఆ కథ వల్ల మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. కట్ట దిగేటప్పుడు "పోయొస్త" అనకూడదు. గంగమ్మకు చూపు ఆనదు, చీకట్లో కూర్చుంది, గొంతు ఒక్కటే గుర్తు. ఎవడో "వస్త" అని పోయి మళ్ళీ వస్తే, వీడే నీరటి అనుకుని లేస్తుందట. అందుకని ఎంత ఆడుకున్నా, ఎన్ని చేపలు పట్టినా, సద్దుల బతుకమ్మ నాడు ఎన్ని బతుకమ్మలను నీళ్ళల్లో వదిలినా, తిరిగొచ్చేటప్పుడు మా ఇంటివాళ్ళం మూగవాళ్ళలా దిగేవాళ్ళం. వేరే ఇళ్ళ పిల్లలు "పోయొస్తం తల్లీ" అని అరుస్తుంటే నాకు వణుకొచ్చేది.

మా దిక్కు నీళ్ళన్నిట్లో ఇట్లా ఎవరో ఒకరుంటారు. మేడారంలో జంపన్న. కప్పం కట్టమన్న కాకతీయ సైన్యంతో కొట్లాడి, ఓడిపోయి సంపెంగ వాగులో దూకిన సమ్మక్క కొడుకు. అప్పటినుంచి అది జంపన్న వాగయింది. జాతరకు పోయినవాళ్ళు ముందు ఆ వాగులో మునిగి, తరవాతే గద్దెల దగ్గరికి నడుస్తారు. నాయినమ్మ రెండేళ్ళకోసారి బండి కట్టించుకుని పోయి ఎత్తు బంగారం ఇచ్చి వచ్చేది. బంగారమంటే బెల్లమే. చెరువు పోసిన రాజులు, సమ్మక్క మీదికి దండెత్తిన రాజులు ఒకే వంశమని నేను పుస్తకం చూపించి చెప్తే ఒప్పుకోలేదు. "పోసినోడు వేరు, గుంజుకున్నోడు వేరు" అని తేల్చేసింది.

1987 ఎండాకాలం సెలవుల్లో ఆమె అసలు సముద్రం చూసింది. నేను కూడా అప్పుడే చూశాను.

మా చిన్నబాపుకు విశాఖపట్నంలో రైల్వే కొలువు. ఎన్ని ఉత్తరాలు రాసినా పోని నాయినమ్మ, ఆయనకు బిడ్డ పుట్టిందనేసరికి బయల్దేరింది. నువ్వులుండలు, సకినాలు, మామిడికాయ తొక్కు, ఒక కోడిపుంజు. పుంజును వరంగల్ స్టేషన్‌లో బాపు బలవంతంగా వెనక్కి తీసుకెళ్ళాడు. పొద్దుగూకాక గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. గంట కాకముందే పక్క సీటాయన "కేసముద్రం దాటింది" అన్నాడు. నాయినమ్మ దిగ్గున లేచి కిటికీలోంచి తల బయటపెట్టింది. "గప్పుడే అచ్చిందా సముద్రం? ఏదిరా?" డబ్బా డబ్బా నవ్వింది. నేను తల దించుకున్నాను. నా మూడో తరగతి గుర్తొచ్చింది.

రాజమండ్రి వంతెన మీద బండి చప్పుడు మారగానే ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. కొంగుముడి విప్పి గోదారిలోకి చిల్లర వేసింది. నాతో కూడా ఒక పదిపైసలు వేయించింది. నాకు ఆ పదిపైసల మీద మనసు చాలా దూరం పీకింది.

మర్నాడు సాయంత్రం రామకృష్ణా బీచ్. కుడిచేతి వైపు డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు పెట్టినట్టు ఉంది. నేను అలల్లోకి ఉరికాను. నాయినమ్మ ఉరకలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చాలాసేపు చూసింది. తరవాత చిన్నబాపును అడిగింది.

"మత్తడి ఏడున్నదిరా దీనికి?"

"మత్తడి ఉండదే అవ్వా."

"కట్ట?"

"కట్ట సుత లేదు."

ఆమె మొహం చూస్తే భయమేసింది. ఇన్ని నీళ్ళు, కట్ట లేదు, మత్తడి లేదు, తూము లేదు, మనుషులేమో అంచునే బటానీలు తింటూ కూర్చున్నారు. ఆమెకు ఇది నమ్మశక్యంగా లేదు. ఇసుకలో అటూ ఇటూ నడుస్తూ ఏదో వెతికింది. చేపల గంప పెట్టుకున్న ఒకామె, "ఏటి మామ్మా ఎతుకుతన్నావు?" అంది.

"మైసమ్మ ఏడున్నది బిడ్డా?"

వాళ్ళిద్దరికీ ఒకరి మాట ఇంకొకరికి సగమే అర్థమైంది, కానీ ఆ సగం సరిపోయింది. ఆమె గంప దించి, తమ పేటలో గంగమ్మ గుడి ఉందని, తెప్ప నీళ్ళల్లోకి దించేముందు అమ్మోరికి మొక్కుతామని చెప్పింది. లోపలికి వేటకు పోయినవాళ్ళు ఒడ్డు కనిపించనంత దూరం పోతే ఎట్లా అని నాయినమ్మ అడిగింది. కొండలే గురుతు అందామె. ఏ కొండ ఏ కొండ వెనక్కి పోయిందో చూసి తామెక్కడున్నదీ చెప్పేస్తారట. నాయినమ్మకు ప్రాణం లేచొచ్చింది. మా పాకాలలో చేపలు పట్టేవాళ్ళు కూడా గుట్టల అంచులు చూసుకునే వలలు వేసిన చోటు గుర్తుపెట్టుకునేవాళ్ళు. "మనోళ్ళ లెక్కనేరా" అని నాతో అంది. ఆ రాత్రి చిన్నమ్మ వంజరం పులుసు పెడితే మాత్రం, ఉప్పు నీళ్ళల్లో పుట్టిన చేపకు మళ్ళీ ఉప్పెందుకు వేశావని గొడవ పెట్టుకుంది.

ఆ పదిరోజుల్లో చిన్నబాపు మమ్మల్ని భీమిలికి కూడా తీసుకుపోయాడు. తొవ్వలో ఎర్రమట్టి దిబ్బలు. ఎదురుగా నీలం నీళ్ళు, ఇటుపక్క నెత్తురు రంగు లోయలు, వాన కోసిన సందులు. ఆ ఇసుక గాలికి, నీటికి పేరుకుని, అందులోని ఇనుముకు తుప్పు పట్టినట్టయి ఎర్రబడటానికి వేల ఏళ్ళు పట్టిందని తరవాత చదివాను. అప్పుడు మాత్రం అందులో దాగుడుమూతలు ఆడి, చొక్కా ఎర్రగా చేసుకుని తన్నులు తిన్నాను. ఆ మరక చివరిదాకా పోలేదు.

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటు, కొండ మీద నరసింహస్వామి, ఊళ్ళో డచ్చివాళ్ళ సమాధులు. ఎక్కడో సముద్రాలకవతల పుట్టి ఇక్కడి ఇసుకలో పడుకున్నవాళ్ళ మీద నున్నటి రాళ్ళు, వాటి మీద చదవరాని అక్షరాలు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరని చిన్నబాపు గొప్పగా చెప్పాడు. అయినా నాకు ఆ రోజు అక్కడంతా ఎవరో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టు అనిపించింది. భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనట, అందుకే భీమునిపట్నమట. నాయినమ్మ ఒప్పుకోలేదు. పాండవులు వనవాసం చేసింది మా రేగొండ దగ్గర పాండవుల గుట్టలో కదా! ఆ గుట్ట మీది పాత బొమ్మలు ఆదిమానవులవని తరవాత పెద్దవాళ్ళు తేల్చారు. పాండవులు ఎక్కని గుట్ట తెలుగునాట ఉన్నట్టు లేదు. పాపం, పన్నెండేళ్ళూ నడుస్తూనే ఉండుంటారు.

తిరుగు ప్రయాణం ముందు రోజు మళ్ళీ బీచ్‌కు పోయాం. నాయినమ్మ ఈసారి నీళ్ళ అంచున కూర్చుంది. అల వచ్చి ఆమె పాదాలకు జానెడు దూరంలో ఆగి వెనక్కి పోతోంది. చాలాసేపు చూసి, నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"దీనికి సుత ఎవడో చెప్పిపోయిండు కొడుకా. గందుకే గీడిదాక అచ్చి ఆగుతాంది."

"ఎవరు?"

"మనకేమెరుక? నేనొచ్చేదాక ఆగు అన్నడు, పోయిండు. అచ్చిండా, అచ్చిండా అని చూసిపోతాంది."

నాకు ఒళ్ళు జలదరించింది. తరవాత జరిగింది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. లేచి వస్తూ, పట్నం పిల్లలను చూసిన ఊపులో, చెయ్యి ఊపి "పోయొస్తా సముద్రమా" అన్నాను. వీపు మీద దెబ్బ పడింది. ఆమె నన్ను కొట్టడం అదొక్కసారే.

ఆమె ఒక సీసాలో సముద్రపు నీళ్ళు పట్టుకొచ్చింది. ఊరికి రాగానే మైసమ్మ దగ్గరికి పోయి సగం పాకాలలో పోసింది. ఎందుకని అడిగితే, "పెద్దామె ముచ్చట చిన్నామెకు చెప్పొద్దా" అంది. మిగతా సగం అటక మీద దాచింది. అమ్మ ఆ సీసా సంగతి తెలియక నీళ్ళు పారబోసి, కడిగి, ఆముదం పోసింది. నాయినమ్మ అమ్మతో నెలరోజులు మాట్లాడలేదు. అమ్మ కూడా అంత బాధపడ్డట్టు నాకు గుర్తులేదు.

హన్మకొండలో డిగ్రీ చదివేటప్పుడు చరిత్ర క్లాసులో మా లెక్చరర్ ఒకరోజు కాకతీయ గణపతిదేవుడి మోటుపల్లి శాసనం గురించి చెప్పారు. 1244 నాటిది. మోటుపల్లి ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది, అప్పట్లో పెద్ద రేవు. అంతకుముందు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల్లోని సరుకంతా గుంజుకునేవాళ్ళట. గణపతిదేవుడు ఆ పద్ధతి మానిపించాడు. ప్రాణాల మీది ఆశ కూడా వదులుకుని సముద్రం మీద తిరిగే వర్తకులకు అభయం ఇస్తున్నామని, న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోమని రాయించాడు. తరవాత కొన్నేళ్ళకు మార్కో పోలో రాసిన ముట్ఫిలి ఈ మోటుపల్లేనని, అతను పొగిడిన రాణి మన రుద్రమేనని లెక్చరర్ చెప్తుంటే వెనక బెంచీల వాళ్ళు కూడా విన్నారు.

నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. పాకాల కట్టింది కూడా గణపతిదేవుడి కాలంలోనే. ఆయన దగ్గరి జగదాళ ముమ్మడి కట్టించాడు. గణపురంలో గణపసముద్రం కూడా ఆ కాలానిదే. ఆయన ఏనుగుల దళపతి జాయపసేనాని దివిసీమ నుంచి, అంటే సముద్రపు అంచు నుంచి ఓరుగల్లుకు వచ్చినవాడు. చెరువుకు సముద్రమని పేరు పెట్టినవాళ్ళు అసలు సముద్రం చూసి ఉండరని, మా నాయినమ్మలాంటి వాళ్ళే అయి ఉంటారని నేను అనుకునేవాణ్ణి. కానీ వాళ్ళకు రేవులున్నాయి, ఓడల సుంకం లెక్కలున్నాయి. సముద్రం ఎంతుంటుందో ఎరిగి, తిరిగొచ్చి, రెండు గుట్టల నడుమ నీళ్ళకు ఆ పేరే పెట్టుకున్నారు. ఈ లెక్క అన్నిటికీ కుదరదు. కేసముద్రం పేరుకు మూలమని చెప్పే కేసరి సముద్రాన్ని తవ్వించిన మొదటి ప్రోలరాజుకు రేవులు లేవు. అయినా ఆ రోజు నేను సైకిల్ మీద రూముకు పోతూ మూడో తరగతి సారును తలుచుకున్నాను. ఇంకో సంగతి మరీ ఆలస్యంగా తెలిసింది. పాకాల చుట్టుపక్కల రాళ్ళను భూగర్భ శాస్త్రంలో పాకాల శిలలనే అంటారు. వంద కోట్ల ఏళ్ళకు పైబడ్డవి. లోతు లేని సముద్రంలో పేరుకున్న ఇసుక, సున్నం గట్టిపడి అయిన రాళ్ళవి. తాత కర్రతో తట్టి చూపించిన బండలు.

2004 డిసెంబర్ 26, ఆదివారం. అప్పటికి నాకు పెళ్ళయి హన్మకొండలో ఉంటున్నాం, నాయినమ్మ మా దగ్గరే ఉంది. పొద్దున్నుంచి టీవీలో సునామీ. చెన్నై, నాగపట్నం, మన కోస్తా. చిన్నబాపుకు ఫోన్ కలవక బాపు టెన్షన్‌తో తిరుగుతున్నాడు. సాయంత్రానికి కలిసింది, వాళ్ళంతా క్షేమం. నాయినమ్మకు అప్పటికి చెవులు సరిగా వినిపించవు. మంచం మీద కూర్చుని టీవీలో ఊళ్ళ మీదికి నడిచొస్తున్న నీళ్ళను చూసింది. మేమెవరం ఆమెకు ఏమీ చెప్పలేదు.

"అచ్చిండు" అంది.

"ఎవరే?" అంది అమ్మ.

ఆమె నా వైపు చూసింది. నాకు ఒక్కడికే తెలుసు. 1987లో నేను అరిచిన మాట గుర్తొచ్చి, ముప్పై ఏళ్ళ మీసాలున్న మనిషిని, వంటింట్లోకి పోయి నిలబడ్డాను. ఇట్లాంటివి ఎవరికి చెప్పుకుంటాం?

ఆమె మరో రెండేళ్ళు బతికింది. పాకాల ఒడ్డునే పిండం పెట్టాం. దిగేటప్పుడు ఎవరం మాట్లాడలేదు.

తరవాత చాన్నాళ్ళకు ఆఫీసు పని మీద ఒంగోలు పోయినప్పుడు ఒక పూట మిగిలితే మోటుపల్లి చూద్దామని పోయాను. రేవు లేదు. చిన్న ఊరు, పాత వీరభద్రుడి గుడి, స్తంభం మీద శాసనం. అక్షరాల మీద వేళ్ళు పెట్టి తడిమాను, ఒక్కటీ చదవలేకపోయాను. అక్కణ్ణుంచి సముద్రం వైపు నడిచాను. ఇక్కడ కొండలు లేవు, బండలు లేవు, ఇసుక ఒక్కటే. వేటకు పోయేవాళ్ళు గురుతు ఎట్లా పెట్టుకుంటారో అడుగుదామంటే మనిషి కూడా కనిపించలేదు. అల వచ్చి బూట్లకు జానెడు దూరంలో ఆగింది.

పొద్దుగూకేదాకా కూర్చున్నాను. ఎక్కణ్ణుంచి కదిలినా ఏదో ఒకటి చెప్పి కదలడం మనకు అలవాటు. నోటిదాకా వచ్చింది కూడా. మింగేసి, బూట్లలో ఇసుక దులుపుకుని, ఏమీ అనకుండా రోడ్డు వైపు నడిచాను.